దొప్పలో తడిమన్ను

నా ముందర పళ్ళెంలో ఇంత మన్ను ఉంది. మోదుగాకు దొప్పలో కట్టుకొని తెచ్చాను. తెచ్చినప్పుడు ముద్దగా, ఎర్రగా, ముట్టుకుంటే వేళ్ళకు అంటుకునేట్టు ఉండేది. ఇప్పుడు అంచులు తెల్లబడి పగుళ్ళు పడుతోంది. నాకు రాయడం రాదు. సంతకం మాత్రం నేర్పించారు, అదీ వంకరగానే పెడతాను. నేను చెబుతుంటే నా బిడ్డ పద్మ రాస్తోంది. "మెల్లగ చెప్పే అవ్వా, మరమగ్గం లెక్క ఉరుకుతున్నవ్" అని విసుక్కుంటోంది. ఉరకక ఏం చేయను? ఈ మన్ను ఆరేలోపు చెప్పేయాలని ఉంది. మన్ను ఆరిపోతే ఏమవుతుందో నాకు తెలుసు.

మా తమ్ముడు మల్లేశం పోయాడని కబురొస్తే సిరిసిల్ల నుంచి ఆటో కట్టించుకొని తల్లిగారి ఊరికి వెళ్ళాను. మా ఊరు జగిత్యాల పోయే దిక్కున, గుట్టలకు పడమటి పక్కన ఉంటుంది. నన్ను ఇచ్చిన ఊరు అదే గుట్టకు తూర్పు పక్కన. నడుమ ఉన్న గుట్టను రెండు ఊళ్ళవాళ్ళూ నడిమిగుట్ట అనేవారు. వేరే పేరేదన్నా ఉందేమో, మేమైతే వినలేదు. ఆ ఊరివాళ్ళకు ఈ ఊరు "అవతల", ఈ ఊరివాళ్ళకు ఆ ఊరు "అవతల". అవతలికి పిల్లనిచ్చామనేవారు, అవతలి నుంచి ఎద్దును తెచ్చామనేవారు. పొద్దున సద్ది కట్టుకొని ఎక్కితే ఎండ ముదిరేసరికి దిగిపోవచ్చు. దూరం అంతే. కానీ వానకు మాత్రం ఆ గుట్ట దాటడం చాలా కష్టంగా ఉండేది.

వానలు మొదలయ్యే మిరుగం కార్తెలో మొగులు, అదే నల్లమబ్బు, పడమటి నుంచి వచ్చేది. వచ్చి గుట్టకు ఆనుకొని, నిండు చూలాలు గోడకు ఆనుకొని కూర్చున్నట్టు కూర్చునేది. అక్కడే ఉన్నదంతా దించుకునేది. మా తల్లిగారి ఊళ్ళో కుంటలు నిండేవి, పొలాలు దున్నేవాళ్ళు, కప్పల అరుపులకు చెవులు చిల్లులు పడేవి. ఒళ్ళు తేలికైన మొగులు గుట్ట దాటి తూర్పుకు వచ్చేసరికి దానిలో ఏమీ ఉండేది కాదు. చల్లగాలి వచ్చేది, మట్టివాసన వచ్చేది, వాన వచ్చేది కాదు. అందుకే అవతల అన్నీ వరి పొలాలు, మా అత్తగారి ఊళ్ళో అన్నీ జొన్న చెలకలు. ఒక్క కనుమ ఎదురుగా ఉన్న చెలకలు మాత్రం తడిసేవి. రెండు బండల సందులోంచి గాలి దూరి వచ్చేది కదా, దానితోపాటు ఇంత జల్లు వచ్చి, చాప పరిచినట్టు ఒక్క వరుస తడిపి పోయేది. ఆ చెలకల వాళ్ళను చూసి ఊరంతా ఏడ్చేది. మళ్ళీ చిత్త, స్వాతి కార్తెలకు అంతా తిరగబడేది. అప్పుడు మొగులు సముద్రం దిక్కు నుంచి, తూర్పు నుంచి వచ్చేది. మా చెలకలన్నీ బురదయ్యేవి, అవతల నా తల్లి నిమ్మళంగా వడ్లు ఎండబోసుకునేది. మా నాయిన దీన్ని ఒకే మాటలో చెప్పేవాడు. "వాన ఒక్కటే గాని, దానికి ఇద్దరు పెండ్లాలు. ఒకలింట్ల ఉన్ననాడు ఇంకోలింట్ల ఉండదు."

పెళ్ళై వచ్చిన మొదటి ఏడు నాకు బాగా గుర్తుంది. నేను అంత పెద్దదాన్నేమీ కాదు. మధ్యాహ్నం గుట్ట వెనక ఉరుములు మొదలయ్యేవి. వాకిట్లోకి వచ్చి చూస్తే గుట్ట నెత్తిన నల్లటి గొంగడి కప్పినట్టు ఉండేది. ఇప్పుడు మా అమ్మ పిడకలు లోపల వేస్తూ ఉంటుంది, తమ్ముడు మేకపిల్లలను తోలుకొస్తుంటాడు, వసారా చూరు నుంచి నీళ్ళు కారుతుంటే కింద గంగాళం పెట్టి ఉంటారు అనుకునేదాన్ని. నా నెత్తి మీద మాత్రం ఎండ ఫెళ్ళున కాస్తూ ఉండేది. నా తల్లిగారి ఊరు తడుస్తుంటే నేను ఎండలో నిలబడి చూసేదాన్ని. అత్తగారింట్లో నన్నెవరూ ఒక మాట అనలేదు. అయినా ఆ ఎండలో నిలబడ్డప్పుడు ఉన్నంత ఒంటరితనం, ఇప్పుడు, ఈ వయసులో, ఈ రేకుల గదిలో కూడా లేదు.

మా అత్త చుట్ట తాగేది. వాకిట్లో గడప పక్కన గొంతుకూర్చొని, చుట్ట నిప్పు నోట్లోకి పెట్టుకొని, పొగ వదిలి, ఆ పొగ ఎటు పోతుందో చూసేది. పొగ తూర్పుకు పోతే, "నీ తల్లిగారింట్ల కుండలు నిండుతున్నయే" అనేది. పడమటికి పోతే, "ఇగ మనకే" అనేది. నేను దిగులుగా గుట్ట వైపు చూస్తుంటే చీపురు నా చేతిలో పెట్టేది. "సూస్తే రాదు వాన. ఊడ్సుకో. ఊడ్సిన్నాడే వస్తది, మళ్ళ ఊడ్సవెడ్తది" అనేది. ఆమె హాస్యం అంతా అలాగే ఉండేది, పొడిపొడిగా, మా చెలక లాగా.

రెండు ఊళ్ళ మధ్యన ఒక ఆచారం ఉండేది. అవతల మొదటి గట్టివాన పడగానే, అక్కడి పుట్టింటివాళ్ళు తమ పొలంలోంచి ఇంత తడిమన్ను తీసి, ముద్ద చేసి, మోదుగాకు దొప్పలో కట్టి, ఇవతలికి ఇచ్చిన బిడ్డకు పంపాలి. అన్నో తమ్ముడో మోసుకొని గుట్ట ఎక్కి దిగాలి. ఆ ముద్దను మేము విత్తనాల గంపలో జొన్నల మీద పెట్టేవాళ్ళం. లేగ ముందు పోతే ఆవు వెనక వచ్చినట్టు, మన్ను ముందు వస్తే మొగులు దాని వెనక గుట్ట దాటుతుందని నమ్మకం. ఆ ముద్ద గంపలో పడనిదే మా అత్త నాగలి ముట్టనిచ్చేది కాదు. వాన సంగతి ఎలా ఉన్నా, నాకు మాత్రం మా తమ్ముడు వచ్చేవాడు. మోకాళ్ళ దాకా ఎర్రబురదతో, నెత్తి మీద గొంగడి కుప్పెతో, దొప్ప పట్టుకొని వాకిట్లో నిలబడి, "అక్కా, నీకు వాన తెచ్చిన" అనేవాడు. నేను ముందు ఆ గొంగడిని వాసన చూసేదాన్ని. తడిసిన ఉన్ని, మేకల కంపు, మా ఇంటి పొగ, అన్నీ కలిసిన వాసన.

తర్వాత ఆ దినాలు వచ్చాయి. గుట్టల్లో తుపాకులతో అన్నలు తిరుగుతున్నారన్నారు. అన్నల కోసం పోలీసులు తిరుగుతున్నారు. గుట్ట ఎక్కినవాడిని వీళ్ళు ఒకటి అడిగేవారు, వాళ్ళు ఒకటి అడిగేవారు. కట్టెలకు పోవడం తగ్గింది, మేకలు గుట్ట కిందనే మేసేవి. "అవతల ఎట్లున్నరు?" అని అడగడం కూడా మానేశారు జనం. అవతల సంగతి తెలుసంటే గుట్ట ఎక్కినట్టే కదా. అందరికీ అన్నీ తెలుసు, ఎవరికీ ఏమీ తెలియదు, అట్లా బతికాం.

ఆ ఏడు మిరుగం వచ్చింది. గుట్ట వెనక ఉరిమింది, మెరిసింది. మా తమ్ముడు రాలేదు. వయసులో ఉన్న పిల్లవాడిని ఆ దారిన పంపడానికి మా నాయినకు గుండె చాలలేదు. అత్త రోజూ విత్తనాల గంప దగ్గర కూర్చొని చుట్ట కాల్చేది. చూసి చూసి మా ఆయనే గొంగడి భుజాన వేసుకున్నాడు.

"నువ్వు పోకు. దారి మంచిగ లేదంటున్నరు" అన్నాను.

"నా దగ్గర ఏమున్నది? గీ గొంగడొక్కటి. గుంజుకుంటే గుంజుకోనీ."

మా అత్త చుట్ట తీసి నవ్వింది. "మన్ను కోసం పోతలేడే వాడు. మామ కల్లు వోస్తడని ఉరుకుతున్నడు."

"రెండిటికీ పోతున్ననే అవ్వా. మన్ను నీకు, కల్లు నాకు" అని ఆయనా నవ్వాడు. అంతే. అట్లా నవ్వుకుంటూ వెళ్ళాడు.

ఆ రోజు సాయంత్రం గుట్ట మీద మొగులు కూర్చుంది. తడుస్తాడు, రేపు వస్తాడు అనుకున్నాం. మరునాడు ఎండ నడినెత్తికి వచ్చేసరికి వచ్చాడు. ఒక్కడే రాలేదు. చుట్టూ పోలీసులు ఉన్నారు, చేతులు ఆయన తువ్వాలతోనే వెనక్కి కట్టారు. కనుమ దగ్గర దిగుతుంటే దొరికాడట. గొంగడి అప్పటికే ఎండకు ఆరిపోయింది. మోకాళ్ళ దాకా బురద. పెద్ద సారు చేతిలో మోదుగాకు దొప్ప. ఆ సారు మా దిక్కువాడు కాదు, మాట వేరుగా ఉంది. దొప్ప విప్పి, ముద్దను మా వాకిట్లో నేలకు కొట్టాడు. అది నాలుగు ముక్కలైంది.

"ఎక్కడ తవ్వావురా?"

"తవ్వలే సారూ. మా మామ పొలంల మీదికెల్లే తీసిన. అవతల వాన పడ్డది."

"వానా? నాకు కనబడకుండా పడిందా?"

సారు బూటుకాలితో వాకిట్లో నేలను తన్నాడు. దుమ్ము లేచి మా అందరి మొహాల మీద పడింది. "చూడు. ఇదీ మీ నేల. ఈ నేలలో ఇంత తడిమన్ను కావాలంటే మొలలోతు తవ్వాలి. ఏం పాతిపెట్టావు? తుపాకులు ఎక్కడ పెట్టారు?"

అప్పటికి గాని నాకు అర్థం కాలేదు, మా ఆచారం వాళ్ళ కంటికి ఎలా కనబడిందో. సారు మా ఊరి పెద్దమనుషులను పిలిపించాడు. "మీ ఊళ్ళో వాన పడిందా?" అని అడిగాడు. "పడలే సారూ" అన్నారు. అది నిజమే. "గుట్ట అవతల?" అన్నాడు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "మాకేం ఎరుక సారూ, మేం గుట్ట ముఖం చూడక ఎన్నాళ్ళాయెనో" అన్నారు. వాళ్ళను నేను తప్పు పట్టను. ఎరుకే అంటే వాళ్ళ చేతులకూ తువ్వాళ్ళు కట్టేవారు.

మా అత్త ఒక్కతే ముందుకు వెళ్ళింది. "నేను సూసిన సారూ. నిన్న పొద్దూకంగ మొగులు గుట్ట మీద కూసున్నది. మెరిసింది. మన్ను బిడ్డలకు పంపుడు మా కాడ రివాజు. మా తాతల నాటికెల్లి ఉన్నది."

"మన్ను పంపుతారా బిడ్డలకు? చీరలు పంపరా?" అన్నాడు సారు. పోలీసుల్లో ఒకరిద్దరు నవ్వారు.

తీసుకుపోతుంటే మా ఆయన వెనక్కి తిరిగాడు. భయపడ్డట్టు కూడా లేడు. సాయంత్రానికి వస్తాననే అనుకున్నాడు. "ఆ ముక్కలేరి గంపలెయ్యే. ఎండుతున్నయి" అన్నాడు నాతో. నేను కూర్చొని ఏరాను.

సాయంత్రానికి రాలేదు. మరునాడూ రాలేదు. గుట్ట మీద తిప్పుతున్నారని, ఆయన చేతనే ఎక్కడెక్కడో తవ్విస్తున్నారని విన్నాం. లేని తుపాకులు ఎక్కడ దొరుకుతాయి? ఆ కాలంలో అట్లా పోయినవాళ్ళు అందరూ తిరిగి రాలేదు. ఆ మాట ఎవరూ పైకి అనకపోయినా, మా వాకిట్లోకి వచ్చినవాళ్ళు నా మెడలోని పుస్తెల వైపు చూసి చూపు తిప్పుకునేవారు. అది చాలు నాకు.

నేనూ మా అత్తా గుట్ట ఎక్కాం. గుట్ట నెత్తిన ఒక గీత గీసినట్టు ఉంది. ఇటు అడుగు పెడితే దుమ్ము, అటు అడుగు పెడితే బురద. మా అత్త ఒక కాలు ఇటు, ఒక కాలు అటు వేసి నిలబడి, "గా సారును ఈడికి తోలుకొస్తే అయిపోవు గదే" అంది. ఎవరు తోలుకొస్తారు? అవతల దిగి, ఠాణాకు వచ్చి చెప్పమని అడిగితే మా నాయిన నన్ను చూసి ఏడ్చాడు. "నేను అస్తే నన్ను గూడ కూసోవెట్టుకుంటరు బిడ్డా. నీ తమ్మున్ని అసలే పంప" అన్నాడు. పొలంలోంచి తానే రెండు చేతులా మన్ను తీసి ఇచ్చాడు. ఈసారి పెద్ద ముద్ద. ఇదే మన్ను, ఇక్కడ వాన పడ్డది, మా ఆయన ఏమీ తవ్వలేదు అని చూపించాలని నా ఆశ. ఆ ముద్దలోనే మా ఆయన ప్రాణం ఉందనుకున్నాను.

గుట్ట దిగాం, నడిచాం, బస్సెక్కాం. ఎండ మండిపోతోంది. దొప్పను కొంగులో కట్టుకొని ఒడిలో పెట్టుకున్నాను. తీసి చూసినప్పుడల్లా కొంచెం కొంచెం తెల్లబడుతోంది. బస్సు దిగిన దగ్గర కుళాయి ఉంది. దోసిలి పట్టి నీళ్ళు చల్లబోయాను. మా అత్త నా చెయ్యి పట్టుకుంది. "సల్లకు. నీళ్ళు వోసి తెచ్చినమంటరు. అప్పుడది అబద్ధమైతది." నిజమే. నీళ్ళు పక్కనే పారుతున్నాయి, నా చేతిలో మన్ను ఎండిపోతోంది, నేను చూస్తూ నిలబడ్డాను.

ఠాణా మెట్ల మీద కొంగు విప్పేసరికి అది ముద్ద కాదు, పొడి. గాలికి నా కొంగులోంచి లేచిపోతోంది. గడపలో నిలబడ్డ పోలీసాయన దాన్ని చూశాడు. చాలాసేపు చూశాడు.

"వాన పడ్డ మన్ను సారూ. తీసినప్పుడు తడిగ ఉండె" అన్నాను.

ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "మాది కోరుట్ల దిక్కు అక్కా. మా కాడ గుట్టలు గిట్లనే ఉంటయి. గా పక్క పడుతది, గీ పక్క పడదు. నాకెరుకే."

"మరి నువ్వు చెప్పు తమ్మీ సారుకు!" అని మా అత్త ఆయన చెయ్యి పట్టుకోబోయింది.

ఆయన వెనక్కి జరిగాడు. "నేనెట్ల చెప్తనే తల్లీ? నీకెట్ల ఎరుక అంటే ఏం చెప్పాలె?" అన్నాడు. లోపలికి వెళ్ళి, ఒక గ్లాసు మంచినీళ్ళు తెచ్చి నాకిచ్చాడు. మళ్ళీ మా వైపు చూడలేదు.

ఆరుద్ర కార్తెలో మొగులు గుట్ట దాటింది. ఊరంతా వాకిళ్ళలోకి వచ్చి తడిశారు, పిల్లలు బురదలో పొర్లారు. నేను గంప పక్కన కూర్చున్నాను. ఆ మన్ను ముక్కలు జొన్నల మీద అట్లాగే ఉన్నాయి. నేలంతా తడిసిపోయాక ఇంక ఆయన తెచ్చిన తడిమన్నుకు అర్థం లేకపోయింది. తవ్వించి తవ్వించి విసిగినట్టున్నారు, పోలీసులు ఆయనను వదిలేశారు. ఎవరిదో ఎడ్లబండిలో పడుకోబెట్టి తెచ్చారు. అరికాళ్ళు నేలకు ఆనేవి కావు. దించుతుంటే మా అత్త వైపు చూసి, "అలికినారే?" అన్నాడు. విత్తనాలు అలికారా అని. అంతకు మించి, అక్కడ ఏం జరిగిందో చచ్చేదాకా చెప్పలేదు.

మా ఇంటికి తడిమన్ను మళ్ళీ రాలేదు. మా నాయిన వద్దన్నాడు. మెల్లగా మిగతా ఇళ్ళవాళ్ళూ మానేశారు. తమ్ముడు బస్సెక్కి చుట్టూ తిరిగి, పండక్కో పబ్బానికో వచ్చేవాడు, ఇస్త్రీ బట్టలతో, పొడి కాళ్ళతో. వచ్చినవాడు నా తమ్ముడే. అయినా గొంగడి వాసన లేదు కదా, ఎవరో చుట్టం వచ్చినట్టు ఉండేది. ఆ పాదాలతో మా ఆయన నాగలి వెనక నడవలేకపోయాడు. చెలక కౌలుకిచ్చి సిరిసిల్ల వచ్చాం. కూర్చొని చేసే పని కదా అని మరమగ్గాల షెడ్డులో నూలు కండెలు చుట్టడానికి కుదిరాడు. "ఆడోళ్ళ పని చేస్తున్నవేంది రాజన్నా" అని పక్కవాళ్ళు నవ్వితే, "మీ ఆడోళ్ళు గింత సక్కగ చుడుతరా?" అని ఆయనా నవ్వేవాడు. మగ్గాల మోతలో వాన చప్పుడు వినబడేది కాదు. మా నెత్తి మీద రేకుల మీద వాన పడుతున్నా తెలిసేది కాదు. సాయంత్రం బయటికి వచ్చి రోడ్డు తడిగా ఉంటే ఆశ్చర్యపోయేవాడు. జగిత్యాల బస్సు దిగినవాళ్ళను, ముక్కూ మొహం తెలియనివాళ్ళను కూడా, "మీ దిక్కు పడ్డదా?" అని అడిగేవాడు. పోయే ముందర ఆస్పత్రిలో నర్సమ్మను కూడా అడిగాడు. ఆ పిల్ల కిటికీలోంచి చూసి, "లేదు తాతా" అంది. "ఈడ కాదు బిడ్డా, అవతల" అన్నాడు.

ఇప్పుడు తమ్ముడూ పోయాడు. వెళ్తూ చూస్తే నడిమిగుట్టకు సగం లేదు. రాళ్ళ కోసం ఒక పక్కంతా కోసి, మెట్లు మెట్లుగా చేశారు. గుట్ట పక్క నుంచి తారు రోడ్డు. "గుట్ట పోయినంక వాన సక్కగ అవతలికి పోతదారా?" అని తమ్ముడి కొడుకును అడిగాను. "ఏడ పోతదత్తా? గుట్ట కోసిండ్రు గాని వాన బుద్ధి మారలే. ఇప్పుడు ఫోన్లు చేసుకుంటరు, మీ దిక్కు పడ్డదా, మీ దిక్కు పడ్డదా అని" అన్నాడు. దినాల నాడు పెద్ద వాన పడింది. నేను వసారాలో కూర్చొని, చూరు నీళ్ళ కింద కాళ్ళు చాపి చాలా ఏళ్ళ తర్వాత నా ఊళ్ళో తడిశాను. మరునాడు బయలుదేరే ముందు పొలంలోకి వెళ్ళి ముద్ద తీసుకున్నాను. నాకు తెచ్చేవాళ్ళు ఇక ఎవరూ లేరు కదా, నాకు నేనే తెచ్చుకోవాలి. ఆకు దొప్ప కుట్టడం చేతులు మరచిపోలేదు.

ఆటో గుట్ట దాటగానే ఎండ. రోడ్డంతా దుమ్ము. చౌరస్తా దగ్గర పోలీసులు బండ్లు ఆపుతున్నారు. ఎప్పటి చెయ్యో, తనంతట తనే దొప్పను కొంగు కిందికి లాక్కుంది. మళ్ళీ నేనే కొంగు తీసి, దొప్పను ఒడిలో అందరికీ కనబడేట్టు పెట్టుకున్నాను. అడగనీ అనుకున్నాను. ఇన్నేళ్ళు ఆ జవాబు నా నోట్లోనే ఉంది. ఈసారి మన్ను తడిగా ఉంది, ముట్టుకుంటే చేతికి అంటుకుంటుంది. చిన్న వయసు పోలీసు తల వంచి ఆటోలోకి చూశాడు. నన్ను చూశాడు, నా ఒడిలోని ఆకును చూశాడు. డ్రైవరు కాగితాలు చూశాడు. "పోనీ, పోనీ" అని చెయ్యి ఊపాడు.

ఆటో కదిలింది. నేను వెనక్కి తిరిగి, "అవతల వాన పడ్డది సారూ" అన్నాను.

"ఏమంటున్నవే అవ్వా?" అన్నాడు డ్రైవరు.